అరుగు మీదివారు, అరుగు కిందివారు: 1980ల తెలుగు జీవితాన్ని నేటితో తూచడం

కృష్ణా డెల్టాలో మా తాతగారి పెంకుటింటికి వీధి వైపు పొడవాటి అరుగు ఉండేది. 1980లలో, దీపాలు పెట్టే వేళకు, ఆ అరుగు మీద ఏడెనిమిది మంది చేరేవారు. ఒకరు పేపరు పైకి చదివేవారు, మిగిలినవారు వినేవారు. కాలవకు నీళ్లు ఎప్పుడు వదులుతారన్న దగ్గర మొదలైన మాట మినుముల ధర మీదుగా, ఎవరి పిల్లకో వచ్చిన సంబంధం మీదుగా సాగి, భోజనాలకు పిలుపు వచ్చేవరకు తెగేది కాదు. ఇప్పుడు నా ఈడువారు కలిసినప్పుడు ‘ఆ రోజులే వేరు’ అని అనుకునేది అలాంటి సాయంత్రాలను తలుచుకునే.

అదే ఇంటి చూరులో, అరుగుకు ఒక పక్కగా, ఒక సత్తు గ్లాసు దోపి ఉండేది. మా పాలేరు పొలం నుంచి వచ్చాక ఆ గ్లాసు తానే తీసుకుని, కడుక్కుని అరుగు కింద నిలబడితే, మా నాయనమ్మ పైనుంచి ఎత్తి టీ పోసేది. తాగాక మళ్లీ కడిగి చూరులో దోపేవాడు. అరవై ఏళ్ల మనిషి పదేళ్ల పిల్లలమైన మమ్మల్ని ‘బాబుగారూ’ అనేవాడు, మేము అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లం. ఆ గ్లాసు నాకు బాగా గుర్తుంది. అది అక్కడ ఎందుకుందని ఎవరినైనా అడిగిన గుర్తు మాత్రం లేదు.

1980లలో రోజువారీ బతుకు ఇప్పటికంటే బాగుండేదా అన్న ప్రశ్న చిక్కుముడి కావడానికి కారణం ఆ అరుగూ ఆ గ్లాసూ ఒకే ఇంట్లో ఉండటమే. మొత్తం మీద తూస్తే ఆ దశాబ్దం మెరుగైనది కాదని నేను నమ్ముతున్నాను. అలా అనడానికి గట్టి ఆధారాలు ఉన్నాయి. అయితే ఆనాటివి కొన్ని నిజంగానే పోయాయి, వాటిని తలుచుకునేవారి బాధ అబద్ధం కాదు. పొరపాటు ఎక్కడ జరుగుతోందంటే, మంచి చెడులు ఒకే కాలంలో వచ్చాయి గనుక ఒకదానికి ఇంకొకటి మూల్యమని అనుకోవడంలో. పోలియో చుక్కలు వచ్చినందువల్ల ఊరి చెరువు పూడిపోలేదు. ఏది దేనివల్ల వచ్చిందో, ఏది దేనివల్ల పోయిందో విడదీసి చూడకుండా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.

ధరను దేనితో పోల్చాలి

పాత రోజుల ప్రస్తావన రాగానే ముందు వినిపించేది రెండు రూపాయల కిలో బియ్యం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ పథకాన్ని మొదలుపెట్టింది. అది బజారు ధర కాదు. బజారులో కొనలేని కుటుంబాలకు సర్కారు తన ఖజానా నుంచి సబ్సిడీ భరించి ఇచ్చిన ధర అది. కిలో బియ్యం రెండు రూపాయలకు ఇస్తామన్న మాట ఎన్నికల్లో అంత బలంగా పనిచేసిందంటే, ఆనాటి ఎన్ని ఇళ్లలో రెండు పూటలా అన్నం ఉడకలేదో ఊహించుకోవచ్చు. ఇప్పటి ధరతో ఆనాటి ధరను పక్కపక్కన పెట్టి ‘ఎంత చవకో’ అనుకోవడం లెక్క తప్పడమే అవుతుంది. ధరను కూలితో పోల్చాలి.

మా ఊళ్లో 1980ల నడుమ నాట్లకు వెళ్లిన ఆడమనిషికి రోజుకు ఐదారు రూపాయలు ముట్టేవి. బజారులో ముతక బియ్యం కిలో మూడున్నరకు అటూ ఇటూగా ఉండేది. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోకాటి లోతు బురదలో నడుము వంచితే కిలోన్నర బియ్యం వచ్చేది. ఇప్పుడు అదే ఊళ్లో నాట్ల కూలి ఐదు వందల దాకా ఉంది, సన్నబియ్యమే కిలో యాభై ఐదు, అరవై మధ్య దొరుకుతోంది, రోజు కూలికి ఎనిమిది తొమ్మిది కిలోలు వస్తున్నాయి. బంగారం మాట కూడా చూద్దాం. 1985లో పది గ్రాములు రెండు వేల నూరు రూపాయల చిల్లర. ఆరు రూపాయల కూలికి అది మూడు వందల యాభై రోజుల కష్టం. 2025లో లక్ష రూపాయలు తాకి జనాన్ని బెంబేలెత్తించినప్పుడు కూడా, ఐదు వందల కూలి లెక్కన అది రెండు వందల రోజుల కష్టమే.

అయితే ఈ కొలత అన్నిటికీ ఒకే ఫలితం ఇవ్వదు. పొలంలోనో మిల్లులోనో యంత్రం చేరిన సరుకులు, అంటే బియ్యం, బట్ట, చేతి గడియారం, రేడియో, ఫోను, కూలితో పోలిస్తే చాలా చవకయ్యాయి. భూమిని ఎవరూ కొత్తగా తయారు చేయలేరు గనుక ఇంటి స్థలం అందకుండా పోయింది. పాఠం చెప్పే మనిషి సమయాన్ని, రోగిని చూసే మనిషి సమయాన్ని యంత్రం పెద్దగా కుదించలేదు గనుక, పైగా ఆ రెండూ చాలావరకు ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాయి గనుక, చదువూ వైద్యమూ ఇంటి ఖర్చులో పెద్ద బరువయ్యాయి. ఆ రోజుల్లో ఒక హైస్కూలు మాస్టారు రిటైరయ్యేలోపు పట్నంలో చిన్న డాబా వేసుకోగలిగేవారు. ఇప్పుడు అదే పట్నంలో ప్రైవేటు బడిలో పాఠం చెప్పే యువకుడికి అది కలలో మాట. కూలి తల్లి ‘ఇప్పుడే నయం’ అంటే, గుమాస్తా కొడుకు ‘అప్పుడే నయం’ అంటే, ఇద్దరూ తమ తమ లెక్కలో నిజమే చెబుతున్నారు.

ప్రాణం విలువ

మా మేనత్తకు 1984లో రెండో కాన్పు కష్టమైంది. ఊళ్లో మంత్రసాని రెండు రాత్రులు కూర్చుంది. మూడో నాటి తెల్లవారుజామున మంచం పట్టెల మీద పరుపు కట్టి, ఎడ్లబండిలో పడుకోబెట్టి, ఆరు కోసుల దూరంలో ఉన్న పట్నానికి తీసుకెళ్లారు. మేనత్త బతికింది, బిడ్డ దక్కలేదు. ఇంట్లో ఎవరూ దాన్ని ఎవరి తప్పుగానూ అనుకోలేదు. అలాంటిది ప్రతి ఇంట్లోనూ ఒకటి జరిగి ఉండేది.

ఆ మాట అతిశయోక్తి కాదని అంకెలు చెబుతాయి. 1981లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 110 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి, ఆంధ్రప్రదేశ్‌లో 24కి, తెలంగాణలో 21కి తగ్గింది. సగటు ఆయుర్దాయం 1980ల మొదటి సగంలో 55 ఏళ్ల దగ్గర ఉంటే, 2015-19 నాటికి దాదాపు 70కి చేరింది. 1992-93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడింట ఒక వంతు కాన్పులే ఆసుపత్రుల్లో జరిగేవి. 2019-21 సర్వేలో అవి రెండు రాష్ట్రాల్లోనూ 96 శాతం దాటాయి. 2005 ఆగస్టులో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు, మా మేనత్త ఎడ్లబండి ప్రయాణం లాంటివాటిని ఊళ్ల జ్ఞాపకాల్లోకి నెట్టివేసింది.

నారికురుపు అన్న మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. దిగుడుబావుల్లో దిగి ముంచుకున్న నీళ్లతో కంటికి కనిపించని నీటిపురుగులు కడుపులోకి పోయి, ఏడాదికి కాలి మీద బొబ్బ లేచి, అందులోంచి మూరెడు పొడవైన తెల్లటి పురుగు బయటికి వచ్చేది. తెగకుండా దాన్ని పుల్లకు చుట్టి రోజుకు కొంచెం కొంచెంగా లాగాలి. తెగితే కాలు చీము పట్టి, సరిగ్గా వ్యవసాయం పనులున్న నెలల్లోనే మనిషి మంచాన పడేవాడు. ఆ జబ్బు పాతుకుపోయిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1980ల తొలి సంవత్సరాల్లో నిర్మూలన కార్యక్రమం మొదలై, దిగుడుబావులను మూసి చేతిపంపులు వేసి, బట్టతో నీళ్లు వడకట్టుకోవడం నేర్పితే, 1996లో దేశంలో చివరి కేసు నమోదైంది. దానికి టీకా లేదు, మందూ లేదు. మంచినీళ్లు అందడం వల్లనే అది పోయింది. పోలియో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014 మార్చిలో దేశానికి పోలియో లేదన్న ధ్రువీకరణ దక్కింది. నా తరగతిలో కాలు ఈడ్చుకుంటూ నడిచే పిల్లలు ఇద్దరు ఉండేవారు. మా అమ్మాయి తరగతిలో ఒక్కరూ లేరు.

తుపాన్ల విషయమూ ఇంతే. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన దాదాపు పది వేల మందిని మింగింది. 1990 మే నెలలో మచిలీపట్నం వైపు అంతే భయంకరమైన తుపాను వచ్చింది, ముందుగా జనాన్ని తరలించారు గనుక మృతులు వెయ్యి లోపే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ నగరాన్నే ఛిన్నాభిన్నం చేసినా, ప్రాణనష్టం పదుల సంఖ్యలో ఆగింది. గాలివేగం తగ్గలేదు, హెచ్చరిక అందే వేగం పెరిగింది.

ఇంత చెప్పాక ఇంకో అంకె కూడా చెప్పాలి. 2019-21 సర్వే ప్రకారం తెలంగాణలో 60 శాతానికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద అది 21 శాతమే. కోత అవసరమైన తల్లికి కోత దొరకని కాలం నుంచి, అవసరం లేని తల్లికి కూడా కోత తప్పని కాలానికి వచ్చాం. మొదటిది పోయినందుకు సంతోషించడానికీ రెండోది వచ్చినందుకు కోపగించుకోవడానికీ మధ్య వైరుధ్యం ఏమీ లేదు. ఆసుపత్రికి చేరడం వేరు, చేరాక అక్కడ జరిగే వ్యాపారం వేరు. రెంటినీ కలిపి ‘పాత కాలంలో మంత్రసానే నయం’ అనేవారు మా మేనత్త పోగొట్టుకున్న బిడ్డను లెక్కలో వదిలేస్తున్నారు.

నీళ్ల దగ్గర ఎవరిది ముందు

మా చిన్ననాటి ఊళ్లు కలిసిమెలిసి ఉండేవని తరచుగా వింటాం. వరసలు పెట్టి పిలుచుకోవడం, పండగకు పిండివంటలు పంచుకోవడం, చావుకు ఊరంతా కదలడం నేనూ చూశాను. ఆ కలివిడితనం నిజమే, కాని దానికి ఒక గిరి ఉండేది. 1985 జులైలో ప్రకాశం జిల్లా కారంచేడులో తాగునీటి చెరువు దగ్గర, పశువులను కడిగి నీళ్లు పాడుచేస్తున్నారని దళితులు అభ్యంతరం చెప్పడంతో మొదలైన గొడవ, మర్నాటికి ఆరుగురు దళితుల హత్యగా పరిణమించింది. 1991 ఆగస్టులో గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఆ రెండు తేదీల నడుమనే, 1989లో, ఎస్సీ ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. డెల్టా పల్లెల్లో సాయంత్రాలు ఎంత హాయిగా ఉండేవో చెప్పేవారిలో నేనూ ఒకణ్ణి గనుక, ఆ డెల్టాలోనూ దాని అంచునా ఇవి జరిగాయని రాయకుండా ఉండలేను.

మా పాలేరు కొడుకు ఐదో తరగతితో బడి మానేశాడు, పదేళ్లకే గేదెల వెంట వెళ్లాడు. అతని కూతురు ఫీజు రీయింబర్స్‌మెంటు మీద బీటెక్ చదివి, ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. కులం పోయిందని నేను అనడం లేదు. సంబంధాలు చూసేటప్పుడు, ఇల్లు అద్దెకు ఇచ్చేటప్పుడు అది బయటపడుతూనే ఉంది. అయినా ఆమె తాత నిలబడిన చోట ఆమె నిలబడనవసరం లేని జీవితం వచ్చింది, ఆ మార్పును ఏ అరుగు మీది ముచ్చట్లతోనూ తూకం వేయడం నాకు సాధ్యం కాదు.

ఇల్లాలి రోజు

పాత రోజుల రుచుల గురించి మాట్లాడేవారు రుబ్బురోలు పచ్చడిని తప్పక తలుస్తారు. ఆ రోలు ముందు కూర్చున్నది ఎవరో చూద్దాం. మా అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచేది. వీధి చివరి బావి నుంచి ఎనిమిది బిందెలు మోసేది. పేడతో కళ్లాపి చల్లి, పిడకలూ కంపా పెట్టి పొయ్యి రాజేసేది. వానాకాలం కట్టెలు తడిసి ఉంటే ఊదుగొట్టంతో ఊది ఊది కళ్లు చింతనిప్పుల్లా అయ్యేవి. ఇడ్లీ పిండికి మినప్పప్పు రుబ్బడానికే ముప్పావు గంట పట్టేది. ఇంటికి పది మంది, ఎప్పుడు వచ్చినా వడ్డించాలి. మరుగుదొడ్డి లేని ఇళ్ల ఆడవాళ్లు చీకటి పడేదాకా ఆగాల్సి వచ్చేది, అందుకని పగలు నీళ్లు తాగడమే తగ్గించుకునేవారు. అరుగు మీద మగవాళ్లకు దొరికిన ఆ తీరిక ఎవరి తీరికలేనితనం నుంచి వచ్చిందో నాకు పెళ్లయ్యాక గాని అర్థం కాలేదు.

ఈ దిశలో వచ్చిన మార్పు పెద్దది. 1999లో మొదలైన దీపం పథకం పేద ఇళ్లకు గ్యాసు కనెక్షన్లు చేర్చింది. 2019-21 నాటికి తెలంగాణలో పదింట తొమ్మిది ఇళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 83 ఇళ్లు వంటకు గ్యాసు లాంటి శుభ్రమైన ఇంధనం వాడుతున్నాయి. చదువులో 1991 నాటికి కూడా ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యులైన స్త్రీలు 33 శాతమే, 2011 నాటికి అది 59 శాతం. 1992-93 సర్వేలో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల స్త్రీలలో మూడింట రెండు వంతుల మందికి పైగా పద్దెనిమిదేళ్ల లోపే పెళ్లయినవారు. 2019-21 నాటికి అది ఆంధ్రప్రదేశ్‌లో 29, తెలంగాణలో 23 శాతానికి దిగింది, ఇంకా దిగాలి. ఆస్తి విషయంలో మాత్రం ఆ దశాబ్దమే దేశానికి దారి చూపింది. 1986 నాటి రాష్ట్ర చట్టం ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చింది, దేశం మొత్తానికి అది రావడానికి 2005 దాకా పట్టింది. మంచి అంతా ఇప్పుడే పుట్టిందనేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

జ్ఞాపకం చేసే పని

ఇన్ని ఇబ్బందులున్న కాలం అంత తియ్యగా ఎలా గుర్తుంటుంది? మనస్తత్వ శాస్త్రం దీన్ని చాలాకాలంగా పరిశీలిస్తోంది. నలభై దాటినవారిని జీవితంలో ముఖ్యమైనవి చెప్పమంటే, పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారు. చెడు జ్ఞాపకంలోని బాధ మంచి జ్ఞాపకంలోని సంతోషం కంటే త్వరగా పలచబడుతుంది. పైగా 1980లలో పిల్లలుగా ఉన్నవారికి అప్పు పత్రం మీద సంతకం పెట్టాల్సిన పనిలేదు, విత్తనాల కోసం ఎవరి ఇంటి ముందో నిలబడాల్సిన పనిలేదు. మనకు గుర్తున్న నిశ్చింత ఆ కాలానిది కాదు, ఆ వయసుది. వీటికి తోడు ఇంకొకటి ఉంది, దాన్ని తక్కువగా గమనిస్తాం. ఏడాది నిండకుండా పోయిన ఆ నూట పది మంది జ్ఞాపకాలు రాయరు. బతికినవారిలోనూ చదువుకున్నవారే రాశారు, చదువుకున్నవారిలో ఎక్కువమంది అరుగులున్న ఇళ్లవారే.

కొన్ని జ్ఞాపకాలైతే జరగని వాటివి. ఆ రోజుల్లో మందులు లేని తిండి తిన్నామంటారు. నిజానికి డెల్టాలోనూ పత్తి నేలల్లోనూ డి.డి.టి., గమాక్సిన్, ఎండ్రిన్ విచ్చలవిడిగా చల్లిన కాలం అది. ఎండ్రిన్ అన్న మాట పల్లె తెలుగులో విషానికి పర్యాయపదమైపోయిందంటే ఎంతగా వాడారో తెలుస్తుంది. దాన్ని నిషేధించింది 1990లో. 1987-88లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందు తాగే ప్రాణాలు తీసుకున్నారు. ఇంట్లో తరతరాలుగా తింటున్నామనుకునే సాంబ మసూరి, బీపీటీ 5204, బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైంది. అంతకు ముందు తెలంగాణ, రాయలసీమ మెట్ట ఊళ్లలో జొన్న, సజ్జ, రాగి, కొర్రే ప్రధానం, తెల్లటి వరి అన్నం పండగ తిండి.

నిజంగా పోయినవి

అయితే జ్ఞాపకం అంతా భ్రమ అని కొట్టేస్తే అదీ తప్పే. మెట్ట తిండి పోవడాన్నే తీసుకుందాం. చవక బియ్యం, సాగునీళ్లు, కొత్త వంగడాలు కలిసి ఆకలిని తగ్గించాయి, అదే వరసలో పళ్లెం నిండా పాలిష్ బియ్యమే మిగిలింది. ఒళ్లు వంచే పని తగ్గింది. 1970లలో జరిపిన సర్వేల్లో పట్టణాల్లో రెండు శాతం దగ్గర ఉన్న మధుమేహం, 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనంలో దేశవ్యాప్తంగా 11 శాతం దాటింది, పది కోట్ల మందికి పైగా అన్నమాట. పరీక్షించే పద్ధతులు మారిన మాట నిజమే గాని, ఇంత తేడా పద్ధతి వల్ల మాత్రమే రాదు. ఇక్కడ లాభమూ నష్టమూ ఒకే వేరు నుంచి మొలిచాయి.

బడి సంగతి అలా కాదు. మా జిల్లా పరిషత్ హైస్కూల్లో కరణంగారి అబ్బాయి, మిల్లు యజమాని అమ్మాయి, చాకలి ఇంటి పిల్లవాడు ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లం. చేరిన పిల్లలు తక్కువే, మధ్యలో మానేసినవారు ఎక్కువే. అయినా ఊరి పెద్దల పిల్లలు అక్కడే చదివేవారు గనుక, లెక్కల మాస్టారు నాలుగు రోజులు రాకపోతే సమితి ఆఫీసులో అడిగేవారుండేవారు. ఆ పెద్దల పిల్లలు ప్రైవేటు బస్సు ఎక్కిన నాటినుంచి అడిగేవారు లేరు. పేదపిల్లలు బడికి రావడం వల్ల ఈ నష్టం జరగలేదు. సరిగ్గా వాళ్లు వచ్చి చేరే వేళకు మిగిలినవారు వెళ్లిపోయారు. ఆ ఖర్చు ఇప్పుడు కూలి ఇంటిదాకా వచ్చి కూర్చుంది. ఎకరం కౌలు రైతు కూడా కొడుకును రెసిడెన్షియల్ కాలేజీలో వేయడానికి అప్పు తెస్తున్నాడు, ఆ కొడుకు పదహారేళ్లకే పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా గదిలో ఉంటున్నాడు. 1980ల పిల్లలకు ఉన్న ఆటల సాయంత్రం వీళ్లకు లేదు. అది ఏ వైద్యానికీ, ఏ విద్యుత్తుకూ చెల్లించిన మూల్యం కాదు, మనం చేసిన ఎంపిక.

నీటిదీ అదే కథ. చెరువు నీళ్లు వాటాల ప్రకారం పారినన్నాళ్లు పూడిక తీయడానికి ఊరంతా కదలాల్సి వచ్చేది. బోరు ఒక్కరి సొంతం. 1980లలో మోటారు హార్స్‌పవర్‌ను బట్టి స్లాబు రేటు, 2004లో ఉచిత కరెంటు వచ్చాక, ఎంత లోతు నుంచి తోడినా రైతుకు కరెంటు ఖర్చు పెరగదు, బోరు వేయించే ఖర్చు మాత్రం పెరుగుతూ పోతుంది. మెట్ట జిల్లాల్లో ఒక రైతు పక్క రైతు కంటే వంద అడుగులు లోతుకు వెళ్లడం, ఇద్దరూ అప్పుల్లో కూరుకుపోవడం చూశాం. కరెంటు రావడం మేలు. నీటికి ఉమ్మడి కట్టుబాటు లేకపోవడం కీడు. కట్టుబాటును మళ్లీ పెట్టుకుంటే కరెంటు పోదు.

సమయం మాటకొస్తే, అది అందరికీ ఒకేలా పోలేదు. మా అమ్మ రోజులో నాలుగైదు గంటలు తిరిగి వచ్చాయి. పట్నంలో ఉద్యోగం చేసే నా చెల్లెలి రోజులో, రోడ్డు మీద రెండు గంటలు, ఇంటికొచ్చాక ఫోనులో ఆఫీసు రెండు గంటలు పోతున్నాయి, వంటింటి పని మాత్రం ఇప్పటికీ ఆమెదే. అరుగు విషయంలో ఒక సవరణ కూడా చేయాలి. దాన్ని ఖాళీ చేసింది ఈ శతాబ్దం కాదు. 1987 తొలి నెలల్లో దూరదర్శన్‌లో రామాయణం మొదలైనప్పుడు, ఊళ్లో ఉన్న మూడు టీవీల ముందు వందమంది చేరి, ఆదివారం ఉదయం వీధులు నిర్మానుష్యమయ్యేవి. ఆ తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది, సాయంత్రాలు లోపలి గదిలోకి జరిగాయి. మా అరుగును కొట్టేసింది సిమెంటు రోడ్డు వేసి వీధి మట్టం పెంచినప్పుడు. ఆ స్థలంలో ఇప్పుడు స్కూటరు పెట్టుకునే రేకుల షెడ్డు ఉంది.

దూరం కూడా మారిన తీరు గమనించదగ్గది. నూటికి ఒక్క ఫోను కూడా లేని ఆ రోజుల్లో, పదిహేను పైసల కార్డు మీద ‘అందరం క్షేమం’ అని రాస్తే అది చేరేసరికి నాలుగు రోజులు. గల్ఫుకు వెళ్లిన కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల మనుషులు క్యాసెట్లలో మాటలు రికార్డు చేసి, వచ్చేవారి చేతికిచ్చి పంపేవారు. టెలిగ్రాం వస్తే తెరవకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది, ఎందుకంటే మా ఊళ్లో ఎక్కువగా చావు కబురుకే దాన్ని వాడేవారు. 2013 జులైలో ఆ సేవ ముగిసింది. ఇప్పుడు డల్లాస్‌లో ఉన్న మనవడు నిద్రలేచిన సంగతి తెనాలిలో ఉన్న నాయనమ్మకు ఆ నిమిషంలోనే తెలుస్తుంది.

అయితే ఆ నాయనమ్మ ఇంట్లో ఒక్కతే ఉంటుంది. 1992-93 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలుంటే, 2019-21 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఆ ఒకరిద్దరూ ఊరు దాటి వెళ్తున్నారు. మా వీధిలో ఉన్న పద్నాలుగు ఇళ్లలో ఐదింటికి తాళాలు, నాలుగింటిలో డెబ్బై దాటినవారు మాత్రమే. పాత కాలాన్ని ఇక్కడికి తీసుకురావాలని చాలామంది అంటారు. ఆ కాలంలో ముసలివారిని చూసుకున్నది చదువూ జీతమూ లేని కోడలు. ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేచి పెద్దల నీళ్లూ మందులూ మంచాలూ అన్నీ చూసేది. ఆ ఏర్పాటు తిరిగి రాదు, రావాలని కోరుకోవడం న్యాయమూ కాదు. మా అమ్మకిప్పుడు ఎనభై మూడేళ్లు. పొద్దున ఆమెకు ఇన్సులిన్ ఇచ్చేందుకు పక్క వీధి నుంచి ఒక నర్సమ్మ వస్తుంది. మా పాలేరుకు ఆమె చిన్న మనవరాలు. లోపలికి వచ్చి, మంచం పక్కన కుర్చీలో కూర్చుని, సూది వేశాక మా అమ్మ పెట్టిన కాఫీ మా ఇంటి గ్లాసులోనే తాగి వెళ్తుంది.